లారీ గేర్‌బాక్సు నూనె: ఎందుకు మార్చాలి, ఎలా మార్చాలి

లారీ ఉన్న ఇంట్లో ఇంజను ఆయిలు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఎప్పుడు మార్చారు, ఏ కంపెనీది పోశారు, ఎన్ని లీటర్లు పట్టింది అన్నది డ్రైవరుకు నోటి మీదే ఉంటుంది. అదే బండికి గేర్‌బాక్సు నూనె ఎప్పుడు మార్చారని అడిగి చూడండి. చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. "కారితే పోస్తాం" అంటారు కొందరు. ఇంజను నూనె నల్లబడితే కర్ర తీసి చూస్తే తెలిసిపోతుంది. గేర్‌బాక్సుకు చాలా లారీల్లో ఆ కర్ర ఉండదు. కంటికి కనిపించదు కాబట్టి గుర్తుకు రాదు. ఒకరోజు మూడో గేరు పడేటప్పుడు గరగరమంటుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. గేర్‌బాక్సు దించి, విప్పి, కట్టాలంటే బండి వారం పది రోజులు షెడ్డులో ఉంటుంది. ఫైనాన్సు కిస్తీ మాత్రం షెడ్డులో ఆగదు.

మన హాస్టల్లో చదివిన, చదువుతున్న వాళ్ళలో బండి మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం తక్కువేమీ కాదు. నాన్న డ్రైవరో, అన్న క్లీనరో, మేనమామ ఆటోనగర్ షెడ్డులో మేస్త్రో అయి ఉంటారు. అందుకే వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాయమన్నప్పుడు మేము ఈ విషయం ఎంచుకున్నాం. మేము మెకానిక్కులం కాము, రసాయన శాస్త్రం చదువుకున్నవాళ్ళం. శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పే మేస్త్రి విద్య మా దగ్గర లేదు. కానీ నూనె డబ్బా మీది అక్షరాలకూ మనం పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ చదివిన పాఠాలకూ ఉన్న చుట్టరికం చెప్పగలం.

కందెన నుంచి గేరు నూనె దాకా

ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దవాళ్ళు కందెన పెట్టేవారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి రాసేవారు. ఆముదమే ఎందుకంటే అది చిక్కగా ఉండి ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది. తొందరగా జారిపోదు. క్యాస్ట్రాల్ అనే కంపెనీ పేరు కూడా ఇంగ్లీషులో ఆముదానికున్న పేరు నుంచి వచ్చిందే. ఒకప్పుడు వాళ్ళ నూనెలో ఆముదం కలిపేవారు.

ఇరుసు దగ్గర పని సులువు. గుండ్రటి దానిలో గుండ్రటిది తిరుగుతుంది. గేర్‌బాక్సులో అలా కాదు. పన్నుకు పన్ను తగిలి, కొంత దొర్లి, కొంత జారి విడిపోతాయి. ఆ రెండు పళ్ళు తాకే చోటు సన్నని గీత అంత ఉంటుంది. నిండా లోడుతో ఘాటు ఎక్కుతున్న లారీ బరువంతా ఆ గీత మీదుగానే చక్రాలకు చేరాలి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం అని మనకు తెలుసు. వైశాల్యం గీతంత ఉంటే పీడనం ఎంత అవుతుందో ఆలోచించండి. అంత ఒత్తిడికి మామూలు నూనె పొర పక్కకు తప్పుకుంటుంది. ఇనుము ఇనుమును తాకుతుంది.

అక్కడే రసాయన శాస్త్రం పనికొస్తుంది. గేరు నూనెలో గంధకం, భాస్వరం ఉన్న పదార్థాలు కలుపుతారు. డబ్బా మూత తీయగానే ముక్కు మూసుకునేలా వచ్చే కంపు ఆ గంధకానిదే. పళ్ళు తాకినచోట వేడి పుట్టగానే ఈ పదార్థాలు ఇనుముతో చర్య జరిపి చాలా పలచని పొరగా ఏర్పడతాయి. రాపిడికి ముందు ఆ పొర అరుగుతుంది, పన్ను నిలుస్తుంది. పొర మళ్ళీ ఏర్పడుతుంది. అంటే నూనె ప్రతి క్షణం తనను తాను కొంచెం ఖర్చు పెట్టుకుంటూ పన్నును కాపాడుతోంది. నూనె రంగు బాగానే ఉన్నా కొన్నాళ్ళకు మార్చాల్సి రావడానికి ఒక కారణం ఇది. వేడికి నూనె పాతబడటం, అరిగిన ఇనుప పొడి చేరడం, తేమ చేరడం మిగిలిన కారణాలు.

డబ్బా మీద ఏముంది

ఎస్.ఏ.ఇ. 80డబ్ల్యు-90 అని ఉంటుంది. ఇది స్నిగ్ధతకు గుర్తు. డబ్ల్యు అంటే చలికాలం. ముందున్న అంకె చలిలో ఎలా పారుతుందో, వెనకున్న అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఇంజను ఆయిలు 40, గేరు ఆయిలు 90 కాబట్టి గేరు నూనె రెండింతలకు పైగా చిక్కన అనుకుంటారు. ఈ రెండింటి కొలబద్దలు వేరు. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే 90 గేరు నూనె ఇంజను నూనెలో 40, 50 నంబర్లకు దగ్గరగానే ఉంటుంది. తేడా అంతా అందులో కలిపిన మందుల్లో ఉంది. కాబట్టి ఇంజను నుంచి దించిన పాత నూనెను "చిక్కగానే ఉంది కదా" అని గేర్‌బాక్సులో పోయడం పొదుపు కాదు. అందులో ఇంజను మసి, లోహపు పొడి ఉంటాయి. గేరు పన్నుకు కావలసిన మందు మాత్రం ఉండదు.

ఆ కింద ఏ.పి.ఐ. జి.ఎల్.-4 అనో, జి.ఎల్.-5 అనో ఉంటుంది. 5 పెద్ద అంకె కాబట్టి 4 కంటే మంచిదని షాపులో చెబుతుంటారు. ఈ ఒక్క మాట వల్ల చెడిన గేర్‌బాక్సులు ఉన్నాయి. జి.ఎల్.-5 ముఖ్యంగా వెనక హౌసింగులోని క్రౌన్, పినియన్ల కోసం తయారైంది. అక్కడ జారుడు ఎక్కువ కాబట్టి గంధకం, భాస్వరం మందు కూడా ఎక్కువ. గేర్‌బాక్సులోనైతే సింక్రో రింగులు చాలా బళ్ళలో ఇత్తడివి. ఇత్తడిలో రాగి ఉంది. రాగికీ గంధకానికీ పడదు. గంధకం తగిలితే రాగి నల్లబడుతుంది. నూనెల ప్రయోగశాలల్లో మెరిసే రాగి రేకును వేడి నూనెలో ముంచి, ఎంత నల్లబడిందో చూసే పరీక్ష ఒకటి ఉంది. అదే సంగతి రింగు మీద నెమ్మదిగా జరిగితే గేరు సాఫీగా పడదు. కొన్ని కొత్త నూనెలు రెండు చోట్లకూ సరిపోయేలా తయారవుతున్నాయి. అలాంటివైతే ఆ మాట డబ్బా మీద రాసి ఉంటుంది. రాసి లేకపోతే సరిపోతుందని అనుకోకూడదు.

మరి మన బండికి ఏది కావాలి? బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో సిఫారసు చేసిన నూనెల పట్టిక ఒకటి ఉంటుంది. ఇంజనుకు ఏది, గేర్‌బాక్సుకు ఏది, హౌసింగుకు ఏది, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం చాలా క్యాబిన్లలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా, దేవుడి పటం వెనకాలో సీటు కిందో ఉంటుంది. ఇంగ్లీషులో ఉంది కదా అని నాన్న దాన్ని తెరవడు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు తెరవండి. ఆ ఒక్క పేజీ చదివి తెలుగులో చెప్పండి. నాన్నకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉండవచ్చు. కానీ ఈ బండి గేర్‌బాక్సు పాత బండిది కాకపోవచ్చు. కొన్ని గేర్‌బాక్సులకు 80డబ్ల్యు-90 సరిపోదు, ఇంజను నూనె రకాన్నే పోయమని పుస్తకంలో ఉంటుంది. అది తెలియక అలవాటు ప్రకారం పోసేస్తారు.

పని మొదలుపెడదాం

ఇది షెడ్డుకే వెళ్ళి చేయించాల్సిన పని కాదు. ఇంటి ముందు చదునైన నేల ఉంటే చాలు. లారీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ కూడా అక్కర్లేదు. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కింద ఎవరూ దూరకూడదు. అది నూనె పనికైనా, మరే పనికైనా సరే.

బండిని ముందు నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తేవాలి. 80డబ్ల్యు-90 నూనె 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు పదో వంతుకు పడిపోతుంది. గోరువెచ్చగా ఉంటే బాగా పారుతుంది, అడుగున పేరుకున్న పొడిని కూడా తనతో తీసుకొస్తుంది. అలాగని దూరప్రయాణం చేసి రాగానే విప్పితే మణికట్టు మీద బొబ్బలెక్కుతాయి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, తాళంచెవి తీసి కింద దూరేవాడి జేబులో వేసుకోవాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు.

గేర్‌బాక్సు పక్కన కొంచెం ఎత్తులో ఒక ప్లగ్, అడుగున ఒక ప్లగ్ ఉంటాయి. ఎత్తులో ఉన్నది పోసేది, అడుగున ఉన్నది దించేది. మొదట విప్పాల్సింది పోసే ప్లగ్. తొందరపడి అడుగుది విప్పి నూనంతా దించేసి, తీరా పైది తుప్పు పట్టి రాకపోతే ఏం చేస్తారు? బండి కదలదు, నూనె పోయడానికి దారి ఉండదు. పైది వచ్చిందని చేత్తో చూసుకున్నాకే అడుగుదాని జోలికి వెళ్ళాలి. సరిపడే రింగు స్పానరు గానీ, గుంత ప్లగ్ అయితే సరైన ఆలన్ కీ గానీ వాడాలి. సర్దుకుపోయే స్పానరుతో మూలలు అరిగితే తరువాత ఉలీ సుత్తీ తప్పవు.

ప్లగ్ చివరి మరలు చేత్తో విప్పుతూ, విడిపోయే క్షణంలో చెయ్యి పక్కకు తీయాలి. నూనె మొదట దూరంగా చిమ్ముతుంది, తగ్గేకొద్దీ దగ్గరకు వస్తుంది. తొట్టి అందుకు తగ్గట్టు జరపాలి. ధార ఆగి చుక్కలుగా మారాక కూడా పావుగంట వదిలేయండి. ఆ పావుగంటలో చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది.

ప్లగ్ చెప్పే కబురు

దించే ప్లగ్ చివర చాలా బళ్ళలో అయస్కాంతం ఉంటుంది. చాలా షెడ్డుల్లో దాన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టేస్తారు. తుడవకముందు వెలుతురులో పెట్టి చూడాలి. డాక్టరుకు రక్తపరీక్ష ఎలాగో గేర్‌బాక్సుకు ఇది అలాగ. బూడిదరంగులో మెత్తని ముద్ద ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగిలినా, రేకుల్లాంటి ముక్కలు కనిపించినా బేరింగో పన్నో పొరలు లేస్తోందని అర్థం. పన్ను ముక్కే దొరికితే కొత్త నూనె పోయడం ఆపి మేస్త్రిని పిలవాలి. ఇక దించిన నూనెను తొట్టిలో ఎండ పడేలా చూడండి. బంగారు రంగు తళుకులు ఈదుతుంటే అవి ఇత్తడివి. ఇత్తడిని అయస్కాంతం పట్టదు కాబట్టి ప్లగ్ మీద కనిపించవు, నూనెలోనే ఉంటాయి. సింక్రో రింగులు అరుగుతున్నాయన్నమాట. నూనె పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు చేరాయి. వాగు దాటిన బళ్ళకూ, వరదనీటిలో నిలిచిన బళ్ళకూ ఇది వస్తుంది. మాడు వాసన వస్తే నూనె తగ్గి తిరిగిందేమో, లోడు మరీ ఎక్కువ వేస్తున్నారేమో ఆలోచించుకోవాలి.

గేర్‌బాక్సు నెత్తిన బ్రీదర్ అని చిన్న గొట్టం మూత ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్ళు బహు తక్కువ. లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 97 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. కెల్విన్‌లో 300 నుంచి 370. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే, ఘనపరిమాణం మారదు కాబట్టి పీడనం నాలుగో వంతు వరకూ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నూనె సీళ్ళను తోసుకుని బయటకు వస్తుంది. సీలు పోయిందని కొత్తది వేస్తారు, నెలకు మళ్ళీ కారుతుంది. సూది పెట్టి బ్రీదర్ శుభ్రం చేస్తే తీరే జబ్బు అది.

అడుగు ప్లగ్ తుడిచి, కొత్త వాషరు వేసి బిగించాలి. రాగి వాషరైనా అల్యూమినియం వాషరైనా ఒకసారి నొక్కుకున్నాక రెండోసారి సరిగ్గా మూయదు. స్పానరుకు పైపు తొడిగి బలమంతా పెట్టొద్దు. గేర్‌బాక్సు తొడుగు చాలా బళ్ళలో అల్యూమినియంది, మర ఒకసారి తెగితే ప్లగ్ ఎన్నిసార్లు బిగించినా నిలవదు. తరువాత చేతి పంపుతోనో, గొట్టం పెట్టిన గరాటుతోనో పోసే రంధ్రం గుండా నూనె నింపాలి. రంధ్రం అంచు దాకా వచ్చి సన్నగా బయటకు కారితే నిండినట్టు. చదును నేల అని ముందు చెప్పింది ఇందుకే. బండి ఒక పక్కకు వంగి ఉంటే ఈ కొలత తప్పుతుంది. ఎన్ని లీటర్లు పట్టిందో పుస్తకంలోని అంకెతో సరిచూడండి. బండిని ముందుకు ఎత్తించి "ఇంకో లీటరు ఎక్కువుంటే మంచిదే" అని పోసేవాళ్ళున్నారు. ఎక్కువైన నూనెను గేర్లు చిలుకుతాయి. మజ్జిగ చిలికినట్టు నురుగు వస్తుంది, వేడి పెరుగుతుంది, ముందు సీలు దాటి క్లచ్ ప్లేటు మీద పడితే క్లచ్ జారుతుంది. రెండు రోజులు తిప్పాక కింద తడి ఉందేమో ఒకసారి వంగి చూస్తే పని పూర్తయినట్టు.

ఆటోమేటిక్ అయితే

అమెరికాలో ఉంటున్న మన పూర్వ విద్యార్థులకు ఈ భాగం ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ట్రక్కు అంటే ఇంటి వాడకానికి ఉండే పికప్ కూడా. చాలావాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్సే. కూలి ఖరీదు కాబట్టి ఇంటి ముందే నూనె మార్చుకునేవాళ్ళు చాలామంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనరల్ మోటార్స్ ఈ రకం గేర్‌బాక్సును జనంలోకి తెచ్చింది. అందులో పోసే ద్రవం పని గేరు నూనె కన్నా చాలా పెద్దది. పళ్ళను తడుపుతుంది, పీడనంతో క్లచ్‌లను నొక్కుతుంది, టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని తానే మోస్తుంది. పైగా క్లచ్ పలకల మధ్య జారాల్సినప్పుడు జారి, పట్టాల్సినప్పుడు పట్టాలి. ఈ గుణం కోసం 1970ల ఆరంభం దాకా స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తిమింగలాల్ని కాపాడే చట్టం వచ్చాక రసాయనవేత్తలు వేరే పదార్థాలు కనిపెట్టారు. సాధారణంగా ఈ ద్రవానికి ఎర్ర రంగు కలుపుతారు. కింద చుక్క పడితే ఎక్కడిదో తెలియడానికి.

దీన్ని మార్చడంలో ఒక లెక్క ఉంది. అడుగు తట్ట విప్పితే కొంతే వస్తుంది, మిగిలింది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. మొత్తం 12 లీటర్లు పట్టే దానిలో 5 లీటర్లు దిగాయనుకుందాం. కొత్తది 5 పోస్తే పాతది ఇంకా 58 శాతం ఉన్నట్టే. కొన్నాళ్ళు తిప్పి మళ్ళీ మారిస్తే 34 శాతం, మూడోసారికి 20 శాతం. గుణశ్రేఢి లెక్క ఇక్కడ కనిపిస్తుంది. తట్టలోని ఫిల్టరు కూడా చూడాలి. మట్టం చూసేది కూడా చాలావాటిలో ఇంజను నడుస్తుండగా, ద్రవం వేడిగా ఉండగా. మన లారీ పద్ధతికి ఇది పూర్తిగా వేరు.

మన దగ్గర ఇప్పుడు గేరు దానంతట అదే మారే లారీలు, బస్సులు వస్తున్నాయి. వీటిలో చాలావాటిని ఏ.ఎం.టి. అంటారు. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, గేరు మార్చే చెయ్యి మాత్రం యంత్రానిది. "ఆటోమేటిక్ కదా" అని వీటిలో ఎర్ర ద్రవం పోస్తే గేర్‌బాక్సు పాడవుతుంది. పుస్తకం చూడాల్సిందే.

చేతులు, పాత నూనె

ఈ పని చేసే కుర్రవాళ్ళ చేతులు మీరూ చూసే ఉంటారు. పాత నూనెకు నల్లబడి, డీజిల్‌తో కడిగి కడిగి పగిలిపోయి ఉంటాయి. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో పనివాళ్ళ బట్టలు యంత్రాల నూనెతో ఏళ్ళ తరబడి తడిసి, తొడల దగ్గర చర్మానికి అంటుకుని, వృషణాల తిత్తి మీద క్యాన్సర్లు వచ్చాయి. శుద్ధి సరిగా లేని ఖనిజ నూనెలు మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తాయని తేలింది ఇలాంటి అనుభవాల నుంచే. మన షెడ్డుల్లో నూనె గుడ్డను ప్యాంటు జేబులో కుక్కుకోవడం మామూలు. ఆ అలవాటు ఈరోజే మానాలి. రబ్బరు చేతొడుగులు ఖరీదు కాదు. పనికి ముందు కొబ్బరినూనె రాసుకుని, అయ్యాక సబ్బు పొడిలో రంపపు పొట్టు కలిపి రుద్దుకుంటే మురికి పోతుంది. డీజిల్, పెట్రోలు చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి మురికి నూనె లోపలికి దిగే దారి చేస్తాయి.

దించిన నూనెను దుమ్ము అణగడానికి వాకిట్లో చల్లడం, చెదలకు దూలాలకు పూయడం మన ఊళ్ళలో ఉంది. చివరికి అది చేరేది బోరుబావి నీళ్ళకే. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యత నూనె తయారీదారుల మీద కూడా ఉంది. ఖాళీ డబ్బాలోనే పోసి మూత బిగించి, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి పంపే షెడ్డులో ఇవ్వాలి. ఇంజను నూనెతోనైనా ఫర్వాలేదు గానీ నీళ్ళు, పెట్రోలు కలపొద్దు.

నూనె మార్చిన రోజే ఒక చీటీ రాసి క్యాబిన్ తలుపు లోపలివైపు అంటించండి. తేదీ, మీటరు రీడింగు, నూనె రకం పూర్తిగా, పట్టిన లీటర్లు, ప్లగ్ మీద ఏం కనిపించింది అన్నవి తెలుగులోనే రాయండి. రాత్రిపూట దారిలో బండి ఆగిపోయి, ఎక్కడో ఊరుకాని ఊళ్ళో మేస్త్రి "ఏ నూనె పోశారు?" అని అడిగితే, నాన్న చూసి చెప్పేది ఆ చీటీనే.